ఒకే పేరున్న రెండు గ్లాసులు

ఈ సంగతి నేను చెప్పని మనిషి లేడు. దవాఖానా పెద్ద డాక్టరుకు చెప్పాను. ఆ దవాఖానాను నడిపే పెద్దమనుషులకు చెప్పాను. వరండాలో గోడకు కొట్టిన ఫిర్యాదుల పెట్టెలో కాగితం రాసి వేశాను. ఏడాది తర్వాత పోయి చూస్తే ఆ పెట్టె సందులో బల్లి గుడ్లు పెట్టి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడైతే నేను గేటు దాటగానే "ఆ బస్సాయన మళ్లొచ్చిండు" అని లోపలికి కబురు పోతుంది. నేను లోపలికి పోయేసరికి కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉంటుంది.

నేను బస్సు కండక్టరును. టికెట్టు తీసుకోకుండా దిగిపోయినవాడి మొహం ఎన్నేళ్లయినా మర్చిపోను. నాకు జవాబు చెప్పకుండా తప్పుకున్నవాళ్ల మొహాలూ అంతే. ఇన్నాళ్లు నోటితో అడిగాను. ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే తొలకరి దగ్గరపడుతోంది.

మా రెండోవాడు నెలలు నిండకముందే పుట్టాడు. వానాకాలం. టేకులపల్లి దారిలో వాగులు పొంగి, ఖమ్మం పోయే బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అందుకని అడవి అంచున ఉన్న ఒక చిన్న దవాఖానాలో చేర్చాం. దాని పేరు రాయను. పేరు రాస్తే పేరు మీద కొట్లాట మొదలై అసలు మాట పక్కకు పోతుంది. ఆ ఆట నేను చాలాసార్లు చూశాను.

పిల్లవాడు పిడికెడంత ఉన్నాడు. బల్బు వెలిగే పెట్టెలో పడుకోబెట్టారు. ఆ గదిని పిల్లల గది అనేవారు. తల్లులను లోపలికి రానిచ్చేవారు కాదు. అంత చిన్న పిల్లలకు చప్పరించే బలం ఉండదు కనుక, తల్లులు వరండాలో గోడవైపు తిరిగి కూర్చుని పాలు గ్లాసులోకి పిండి ఇచ్చేవారు. నర్సు, అంటే మా దగ్గర సిస్టరమ్మ, ఆ గ్లాసులు తీసుకుపోయి ఫ్రిజ్‌లో పెట్టేది. వేళకు తీసి చెంచాతో చుక్క చుక్క పోసేది.

ఆ ఫ్రిజ్ నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఒకటే ఫ్రిజ్. పై అరలో ఇంజక్షన్లు, తలుపు అరలో సిస్టరమ్మల పెరుగు డబ్బా, మధ్యలో తల్లుల పాల గ్లాసులు. కొన్నింటి మీద మూత ఉండేది, కొన్నింటి మీద ఏ కాగితమో ఉండేది. అది నడుస్తున్నంతసేపూ గురకపెట్టినట్టు ఒక చప్పుడు. కరెంటు పోతే ఆ చప్పుడు ఆగిపోయేది. ఆగినప్పుడల్లా వరండాలో కూర్చున్న తల్లులంతా ఒక్కసారే తలలు ఎత్తేవారు. మళ్లీ ఆ చప్పుడు మొదలయ్యేదాకా వాన ఒక్కటే వినిపించేది.

మాకు గ్లాసులు ఇంటినుంచి తెమ్మన్నారు. మా అత్తగారు పెళ్లికి పెట్టిన స్టీలు గ్లాసులు తెచ్చాను. మన ఇళ్లలో స్టీలు సామాను కొంటే పేరు కొట్టించకుండా ఎవరూ ఇంటికి తేరు కదా. ప్రతి గ్లాసు మీదా చుక్కలు చుక్కలుగా మా ఆవిడ పేరు ఉంది. సిస్టరమ్మలకు అది సులువైంది. ఎందుకంటే ఆ గదిలో పిల్లలకు ఇంకా పేర్లు లేవు. తల్లుల్లో ఇద్దరు ముగ్గురికి ఒకటే పేరు. పోనీ తండ్రి పేరు రాసుకుందామంటే, మొగుడి పేరు నోటితో చెప్పే ఆడమనిషి ఆ వరండాలో ఒక్కతీ లేదు. "వాళ్ల నాయన" అనేవారు, తల వంచుకునేవారు. అందుకని సిస్టరమ్మలు ఏ బిడ్డ పాలు ఏవో గ్లాసును చూసి గుర్తుపట్టేవారు. పేరు కొట్టించిన గ్లాసు ఈ బిడ్డది, అంచు నొక్కుకుపోయిన గ్లాసు ఆ బిడ్డది, పసుపు మూత డబ్బా ఇంకో బిడ్డది. అదే వాళ్ల లెక్క.

మా ఆవిడ పక్క మంచం ఆమెది లోపలి అడవి ఊరు. మొదటి కాన్పు. వాళ్ల ఇంటి మాట వేరు, తెలుగు తడుముకుంటూ మాట్లాడేది. ఆమె దగ్గర గ్లాసు లేదు. దవాఖానావాళ్లు ఇచ్చిన గిన్నెలో ఇచ్చేది. ఒకరోజు ఆ గిన్నె దేనికో కావాలని తీసుకుపోయారు. ఆమె రొమ్ములు నిండి, రెండు చేతులూ ఎదకు అదుముకుని కూర్చుంది.

"ఇగో చెల్లె, నాదొకటి తీస్కో. నాకు మూడున్నయ్," అంది మా ఆవిడ.

"పగులుతదేమో అక్కా."

"స్టీలు పగుల్తదా? నా నెత్తి మీద కొట్టినా పగలది."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

ఆ మర్నాడు పెద్ద సిస్టరమ్మ, మధిర వైపు మనిషి, కడిగిన గ్లాసులు తెచ్చి రెండూ మా ఆవిడ మంచం మీద పెట్టింది.

"మీ గ్లాసులు తీసుకోండమ్మా."

"ఇందుల ఒకటి ఆమెది సిస్టరమ్మా."

"పేరు మీదే ఉంది కదా! ఎవరిది వాళ్లు పంచుకోండి. మీ గ్లాసుల పంచాయితీ కూడా నేనే తీర్చాలా?"

ఆ మాట నేను మర్చిపోలేదు. ఖాళీ గ్లాసులే కలిసిపోయాయేమో అనుకున్నాం. కడిగేటప్పుడు కలిసి ఉంటాయి అనుకుని మా ఆవిడ ఒకటి తీసి ఆమెకు ఇచ్చింది. ఆ తర్వాత కూడా రెండూ మాకే వచ్చేవి. మా ఆవిడ ప్రతిసారీ చెప్పేది. ప్రతిసారీ సిస్టరమ్మ చెయ్యి ఊపేసి వెళ్లిపోయేది.

ఇటు మంచం మీద ఇది జరుగుతుంటే, అటు మంచం దగ్గర ఇంకోటి. డ్యూటీ మారి వచ్చిన చిన్న సిస్టరమ్మ ఆమెను కసిరేది.

"నీ గ్లాసు రాలేదేం? పాలు పడలేదా నీకు?"

"ఇచ్చిన."

"ఇస్తే ఏది మరి? గాలికి పోయిందా?"

ఆమె ఎవరికి ఇచ్చిందో చూపించటానికి చెయ్యి ఎత్తేది. అప్పటికి ఆ సిస్టరమ్మ లోపలికి పోయేది. పిల్లల గది కిటికీ మీద డబ్బా పాలపొడి ఉండేది. ఒకసారి కలిపిన గిన్నె అక్కడే ఉండేది. పొద్దున చూసిన గిన్నెను నేను మళ్లీ సాయంత్రం కూడా కిటికీ అద్దంలోంచి చూశాను. దాని మీద ఒక గుడ్డ, గుడ్డ మీద ఈగలు. నాకేం తెలుసు, అందులోంచి ఎవరికి పోస్తున్నారో.

మావాడు కోలుకున్నాడు. చర్మం రంగు మారింది. ఏడుపు బయటికి వినిపించసాగింది. అటువైపు ఆమె బిడ్డ ఏడుపు తగ్గింది. తర్వాత బొత్తిగా ఆగింది. డాక్టరు వచ్చి కడుపు మీద వేలితో కొట్టి చూశాడట, డప్పులాగా ఉందట. బిడ్డ దక్కదని వరండాలో అందరికీ తెలిసిపోయింది, ఆమెకు తప్ప. ఆమె గోడవైపు తిరిగి కూర్చుని ఇంకా పాలు పిండుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నమే పెద్ద సిస్టరమ్మ మా ఆవిడను మెచ్చుకుంది.

"మీవాడు గట్టివాడమ్మా. రెండు గ్లాసుల పాలూ తాగేస్తున్నాడు."

మా ఆవిడ మొహం తెల్లబోయింది. "నేను ఒక్క గ్లాసే ఇస్తున్న సిస్టరమ్మా," అంది.

సిస్టరమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆగిందని నేను చూశాను. తర్వాత, "సరే, తర్వాత చూద్దాంలే, పని మీద ఉన్నాను," అని పోయింది. నేను వెంటబడ్డాను. "సిస్టరమ్మా, ఆమె పాలు మావానికి పోస్తున్నరు, ఆమె బిడ్డకు డబ్బా పాలు పోస్తున్నరు, జర ఆగి వినున్రి," అన్నాను. వార్డుబాయ్ అడ్డం వచ్చి, "ఏయ్ టికెట్టూ, పిల్లల గదికాడ లొల్లి చెయ్యకు," అన్నాడు. నన్ను టికెట్టు అన్నాడు. అదీ గుర్తుంది.

సాయంత్రం కరెంటు పోయింది. ఫ్రిజ్ చప్పుడు ఆగింది. తల్లులంతా తలలెత్తారు. లోపలినుంచి పెద్ద సిస్టరమ్మ వచ్చి ఆమె మంచం దగ్గర నిలబడింది. బిడ్డ పోయిందని ఆమె భర్తకూ, అత్తకూ చెప్పింది. తర్వాత ఆమె వైపు తిరిగి, జాలిగానే అంది:

"నీ పాలు పడలేదమ్మా బిడ్డకు. కొందరి పాలు అంతే, చెడ్డపాలు. ఏం చేస్తాం."

పొద్దున పాలే రాలేదని కసిరారు. సాయంత్రం ఆ రాని పాలే చెడ్డవన్నారు. రెండింట్లో ఏది నిజమైనా రెండోది అబద్ధమే కదా. ఈ ముక్క నేను ఎంతమందిని అడిగానో!

వాళ్లకు బండి ఇయ్యలేదు. బిడ్డను తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కారు. నేను బస్సుదాకా వెంట పోయాను. శవాన్ని బస్సులో ఎక్కించకూడదని రూలు. ఆ రూటు కండక్టరు నాతో పనిచేసేవాడే. తువ్వాలను చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అడగకుండా టికెట్లు చింపాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. రవిక ముందంతా తడిసి ఉంది. వాన అనుకున్నాను. వాన కాదు, పాలు. బస్సు కదిలాక ఆమె మా ఆవిడ గ్లాసును కిటికీలోంచి నా చేతికి అందించింది. అప్పటికే కడిగి పెట్టుకుందట, తిరిగి ఇవ్వాలని.

మావాణ్ని ఇంటికి తీసుకుపోయిన తర్వాత నేను దవాఖానాకు ఎన్నిసార్లు తిరిగానో చెప్పాను. పెద్ద డాక్టరు ఒకసారి దొరికాడు.

"మీ బాబు బాగున్నాడా?"

"బాగున్నడు సార్."

"మరి మీకేం కష్టం?"

ఇది ఆయన నాకు చెప్పిన జవాబు. చదువుకున్న మనిషి.

పెద్ద సిస్టరమ్మ సంగతి ఇంకో రకం. మేమూ ఆమే ఒకే చర్చికి పోతాం. ప్రతి ఆదివారం ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుంటుంది. బయటికి వస్తూ, "వందనాలు బ్రదర్," అంటుంది. "వందనాలు సిస్టరమ్మా. ఆ అడవి ఊరామెకు చెప్పిన్రా?" అంటాను. "దేవుని మందిరంలో ఆ మాటలెందుకు బ్రదర్, ప్రార్థన చేద్దాం," అంటుంది. ఏళ్లుగా ఇదే. ఆమె వందనాలు చెప్పటం మానలేదు, నేను అడగటం మానలేదు. పాస్టరుగారు ఒకసారి నన్ను పక్కకు పిలిచి క్షమించడం గురించి చాలాసేపు చెప్పారు. నాకు ఆమె ఏం బాకీ లేదయ్యా, ఆమె జవాబు చెప్పాల్సింది వేరే మనిషికి అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఆ వేరే మనిషి ఈ ఎండాకాలం నా బస్సెక్కింది. ఇప్పపూల వాసన బస్సంతా నిండి ఉంది, పూల మూటలతో ఎక్కారు జనం. ఆమెను వెంటనే గుర్తుపట్టాను. నిండు కడుపు కాదు గానీ కనిపిస్తోంది. పక్కన అత్త. మధ్యలో ఒక కడుపు నిలవలేదట. ఇది నిలిచింది.

"ఏం చెల్లె, గుర్తువట్టినవా?"

ఆమె చాలాసేపు చూసింది. "గ్లాసు అక్క ఇంటాయన," అంది.

"అవ్. తొలకరికి కాన్పైతదా?"

"అయితది."

"జర మంచి దవాఖానాకు పోవాలె ఈసారి. పుట్టంగనే నీ పాలే పట్టు."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అత్తే జవాబు చెప్పింది.

"దీని పాలు పట్టం కొడకా. మేకను కొన్నం. పాలిచ్చే మేక. బిడ్డ పుట్టంగనే మేకపాలు తాపుతం."

ఎందుకని అడిగితే అత్తే చెప్పుకొచ్చింది. అప్పుడు దవాఖానానుంచి ఊరికి పోయాక ముసలామె ఒకరు, ఆమె రొమ్ముల్లో మిగిలిన పాలను దొప్పలో పిండించి, అందులో చీమను వేసి చూసిందట. చీమ చచ్చిందట. చెడ్డపాలని తేలిపోయిందట. వాళ్లను చూసి నేను నవ్వను. మా అమ్మా మా అక్క కాన్పుకు అదే చేసింది. పాలలో పడితే ఏ చీమైనా చస్తుంది. మా అక్క గిన్నెలోనూ చచ్చింది. కాకపోతే మా అక్కకు అంతకుముందు ఏ సిస్టరమ్మా నీ పాలు చెడ్డవని చెప్పలేదు గనుక, మా అమ్మ ఇంకో చీమను వేసి, అది ఈదుతుండగానే తీసి, మంచిపాలే అంది.

"ఇను చెల్లె," అన్నాను. "నీ పాలు చెడ్డవి గావు. నా కొడుకు నీ పాలు తాగే బతికిండు. నీ గ్లాసు మీద మా పేరుండె. అది చూసి నీ పాలు తెచ్చి మావానికి పోసిన్రు. నీ బిడ్డకు పోసింది నీ పాలు గావు, డబ్బా పాలు. పొద్దటిసంది కిటికీల ఉన్న పాలు."

బస్సులో అందరూ వింటున్నారు. ఆమె నా వైపు తిరిగింది. చిన్నగా నవ్వింది కూడా.

"నీ కొడుకు ఊరోడన్నా. ఊరోళ్లు ఏది తాగినా బతుకుతరు."

"నా మాట నమ్మవా?"

"నువ్వు బస్సాయనవు. చెప్పింది సిస్టరమ్మ."

వాళ్ల ఊరి మలుపు దగ్గర దిగి టేకు చెట్లలోకి నడిచిపోయారు. దారి పక్కనే ఒక మేక కట్టేసి ఉంది. వాళ్లదో కాదో తెలియదు. అది తల ఎత్తి బస్సును చూస్తూ నిలబడింది. డ్రైవరు హారను కొట్టినా కదలలేదు. ఆ రోజు మిగిలిన దారంతా నాకు టికెట్ల మీద ధ్యాస లేదు.

వారం తిరక్కుండా దవాఖానాకు పోయాను. చాలాకాలానికి పిల్లల గదిదాకా పోనిచ్చారు. పోయి చూసి తెల్లబోయాను. పాలకు వేరే ఫ్రిజ్ ఉంది. దాంట్లో ఇంజక్షన్లు లేవు, పెరుగు డబ్బా లేదు. ఎంత చల్లగా ఉందో చూసే మీటరు వేలాడుతోంది. కరెంటు పోయినా నడిచేలా బ్యాటరీ పెట్టారు. ఇంటి గ్లాసులు బంద్. అన్నీ ఉడకబెట్టిన చిన్న సీసాలు, మూతలతో. సీసా మీద తెల్ల ప్లాస్టరు, దాని మీద తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, పాలు తీసిన వేళ. అదే ప్లాస్టరు బిడ్డ కాలికి. తల్లులను లోపలికే రానిస్తున్నారు, చేతులు కడుక్కుని బిడ్డ పక్కనే కూర్చుంటున్నారు. పాలు పోసేముందు ఒక సిస్టరమ్మ సీసా మీదిది పైకి చదువుతోంది, ఇంకో సిస్టరమ్మ బిడ్డ కాలి మీదిది చదువుతోంది. రెండూ కలిస్తేనే చెంచా ఎత్తుతున్నారు. మిగిలిన పాలు మళ్లీ ఫ్రిజ్‌లోకి పోవటం లేదు. గోడ మీద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: తల్లి మొగుడి పేరు చెప్పకపోతే వెంట వచ్చినవాళ్లను అడగవలెను.

మంచి పద్ధతి. దానికి నేను వంక పెట్టను. వంక పెట్టటం నా పని అనుకునేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదువుకోవాలి. కానీ ఆ గోడ మీది వాక్యం ఎక్కడినుంచి వచ్చింది? ఇంటి గ్లాసులు ఎందుకు బంద్ చేశారు? ఊరికే ఎవరికీ తోచదు కదా గ్లాసు మీది పేరును నమ్మకూడదని!

పెద్ద సిస్టరమ్మ తాళాల గుత్తి పట్టుకుని ఎదురొచ్చింది. తల నెరిసింది.

"పద్ధతి మార్చిన్రు సిస్టరమ్మా," అన్నాను.

"మార్చడమేంటి బ్రదర్? మొదటినుంచీ ఇలాగే చేస్తున్నాం."

"మొదటినుంచీనా?"

"ఎప్పుడూ ఇంతే."

ఆమె కళ్లు నా మీద లేవు. నేను గొంతు పెంచలేదు. "ఒక తల్లి ఉన్నది సిస్టరమ్మా. పుట్టబోయే బిడ్డకు తన పాలు ఇయ్యనంటున్నది. మేకను కొన్నరు," అన్నాను. అంతే అన్నాను. ఏ తల్లో చెప్పలేదు. ఊరు చెప్పలేదు.

సిస్టరమ్మ చేతిలో తాళాల చప్పుడు ఆగింది.

"ఆమెకు మళ్లీ ఏ నెల?" అంది.

మళ్లీ! నా నోట రాని మాట అది. ఇన్నేళ్లూ ఆమెకు అంతా గుర్తుందన్నమాట. నేను జవాబు చెప్పేలోపు లోపలినుంచి ఎవరో పిలిచారు. "వస్తున్నా," అని వెళ్లిపోయింది. అరగంట నిలబడ్డాను. తిరిగి రాలేదు. వెనక తలుపు తెరిచి ఉంది. ఆ ఆదివారం చర్చిలో ముందు వరసలో ఆమె చోటు ఖాళీ. ఆ తర్వాతి ఆదివారమూ ఖాళీ.

నేను కోర్టుకు పోవట్లేదు. ఎవరి ఉద్యోగమూ తీయమనట్లేదు. చచ్చిపోయిన బిడ్డను ఎవరూ తిరిగి ఇవ్వలేరని నాకూ తెలుసు. పొద్దున నా కొడుకు పళ్లు తోముకుంటుంటే చూస్తాను. వాడి ఎముకల్లో ఆమె పాలు ఉన్నాయి. అవి చెడ్డవైతే వాడు ఉండడు. ఇంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు. ఆమెకు అది చాలదు. చెడ్డపాలని చెప్పిన నోరే, కాదని చెప్పాలి. నేను చెబితే బస్సాయన మాట, మీరు చెబితే సిస్టరమ్మ మాట.

సిస్టరమ్మా, ఏ నెలని అడిగారు కదా. నెలలు నిండుతున్నాయి. నిన్న అటు పోయినప్పుడు మబ్బు పట్టి ఉంది. వాగులు పొంగితే ఆ మలుపు దాకా బస్సు పోదు, మీరు పోదామన్నా పోలేరు. దారి ఇంకా తెరిచే ఉంది. పొద్దున బస్సు నాదే, ముందు సీటు మీకు ఆపుతాను. ఆమె గడపలో నిలబడి నీ పాలు మంచివేనమ్మా అని ఒక్క మాట చెప్పి వచ్చేయండి. మీతో పాటు నేను లోపలికి కూడా రాను.

వస్తారా, రారా? ఈసారి వందనాలు వద్దు, ప్రార్థన వద్దు. జవాబు చెప్పండి.